తాండూరు దారిలో కంపెనీ రైలు

సికింద్రాబాదునుండి పడమరగా బయలుదేరిన రైలుబండి లింగంపల్లి, శంకరపల్లి దాటి వికారాబాదు చేరును. అక్కడ బీదరు వైపు ఒక శాఖ చీలిపోవును. పెద్దదారి ధారూరు మీదుగా తాండూరు చేరును. తాండూరు పేరు చెప్పగానే మన ఇండ్లలో రెండు వస్తువులు జ్ఞాపకము వచ్చును: ఒకటి కాలిక్రింది నాపరాయి, రెండవది కంచములోని కందిపప్పు. ఆ కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. తాండూరు దాటిన పిమ్మట మాట మెల్లగా కన్నడములోనికి జారును. కలబురగి జిల్లాలోని వాడి జంక్షనులో మన దారి బొంబాయి మద్రాసుల నడిమి పెద్దదారిని కలిసికొనును. 1956కు పూర్వము తాండూరు కూడ గుల్బర్గా జిల్లాలోనిదే. రాష్ట్రముల పునర్విభజనలో ఆ జిల్లా మైసూరునకు పోగా, తాండూరు, కొడంగలు తాలూకాలు మాత్రము తెలుగువారితో నిలిచినవి.

కొంతకాలము క్రిందట మేము గ్రామీణ కార్యక్రమమునకు రైతుల మాటలు రికార్డు చేసికొనుటకై తాండూరు వెళ్ళితిమి. తిరుగుప్రయాణములో బండికొఱకు ప్లాట్‌ఫారముమీద కూర్చుండి యుండగా, నాపరాతి వ్యాపారము చేయు పెద్దమనిషి ఒకరు మాట కలిపిరి. ఆయన మనుమడు జర్మనీలో చదువుకొనుచున్నాడట. అక్కడ సర్కారు రైలుకు పోటీగా ప్రైవేటు కంపెనీల బండ్లు అవే పట్టాలమీద దూరపు ఊళ్ళకు నడచుచున్నవని ఆ పిల్లవాడు టెలిఫోనులో చెప్పెనట. "ఒక్కటే పట్టాలమీద రెండు దుకాణాలా సారూ? మన దిక్కు ఎన్నడన్న గట్ల ఉండెనా?" అని ఆయన అడిగిరి. ఎన్నడును లేదని మేము తడుముకొనకుండ చెప్పితిమి. అంతలో బండి వచ్చినది. ఎవరి త్రోవ వారిదైనది.

మేము చెప్పినది అబద్ధము కాదు. కాని అది తొందరపాటు సమాధానము. ఏలయన, ఆయన కూర్చున్న ఆ స్టేషను మీదుగా నలుబదియైదేండ్లపాటు లండనులోని ఒక ప్రైవేటు కంపెనీ బండ్లు నడపినది. కంపెనీ ఉండెను గాని పోటీ లేకుండెను. పోటీ వచ్చిననాడు అది పట్టాలమీద కాక రోడ్డుమీద వచ్చినది. ఆనాడు తీరికగా చెప్పలేకపోయిన ఆ సంగతియే నేటి మా ప్రసంగము.

రైళ్ళ పుట్టినిల్లయిన ఇంగ్లండులో మొదట అన్నియు కంపెనీలే. ఎవరి సొమ్ముతో వారు భూమి కొని, ఎవరి పట్టాలు వారు పరచుకొని, ఎవరి బండ్లు వారు నడపుకొనిరి. లండనునుండి స్కాట్లండుకు తూర్పుతీరము వెంబడి ఒక దారి, పడమటి వైపు మరియొక దారి యుండెను. 1888లోను, మరల 1895లోను ఆ రెండు దారుల కంపెనీలు మేము ముందు చేరుదుమన్న మేము ముందు చేరుదుమని పందెములు పడి రాత్రిబండ్లను పరుగెత్తించినవి. పత్రికలు ఆ పరుగును క్రికెట్టు ఆటవలె వర్ణించినవి. ఆ వేగము చూచి ముచ్చటపడినవారు కొందరు, ప్రాణములు అరచేత పట్టుకొన్నవారు కొందరు. అయినను అక్కడ ఎవరి దారి వారిదే. పోటీకొఱకు రెండు దారులు వేయవలసి వచ్చినదన్నమాట. రెండు దారులను పోషింపగల సంపన్న దేశమునకే అట్టి పోటీ చెల్లును.

హిందూదేశమునకు వచ్చుసరికి ఆ కంపెనీలవారికే ధైర్యము చాలలేదు. ఎండలు, అడవులు, నదులు గల ఎరుగని దేశములో సొమ్ము పెట్టుటకు లండను షావుకార్లు వెనుకాడిరి. అందుచేత 1849లో ఈస్టిండియా కంపెనీ మొదటి రైలు కంపెనీలతో ఒక ఒడంబడిక చేసికొన్నది. మీరు పెట్టిన సొమ్ముకు నూటికి ఐదు వంతున వడ్డీ మేము పూచీపడుదుము, రాబడి చాలకపోయినచో ఖజానానుండి పూరింతుము అని దాని సారాంశము. ఆ పూచీకే గ్యారంటీ అని పేరు. 1853 ఏప్రిలు 16వ తేదీన బోరీబందరునుండి ఠాణాకు తొలి ప్రయాణికుల బండిని నడపిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా కంపెనీ ఈ పూచీమీద పుట్టినదే. ఆ కంపెనీ దారి పూనా, షోలాపూరు, గుల్బర్గాల మీదుగా 1871లో రాయచూరు చేరి మద్రాసు కంపెనీ దారిని కలిసికొన్నది. నిజాము రాజ్యపు పడమటి అంచును తాకుచు పోయిన ఆ దారిలోనే వాడి యున్నది.

వాడినుండి సికింద్రాబాదుకు దారి వేయవలెనన్న తొందర ఇంగ్లీషువారికే ఎక్కువగా నుండెను. సికింద్రాబాదులో వారి పెద్ద దండు విడిసి యుండెను. సిపాయిల తిరుగుబాటు జరిగి ఎంతో కాలము కాలేదు. అవసరము వచ్చినచో బొంబాయినుండి పటాలములను రోజులలో దింపవలెనన్న ఆలోచన వారిది. 1870లో నిజాము ప్రభుత్వముతో ఒప్పందము కుదిరినది. అప్పటి దివాను సాలారుజంగు. పట్టాల వెడల్పు ఐదడుగుల ఆరంగుళములు, సొమ్ము హైదరాబాదుది. 1874 అక్టోబరులో బండ్లు నడచినవి. కనుక తాండూరు దారి పుట్టుకలో కంపెనీది కాదు. అది రాజ్యపు సొమ్ముతో, రాజ్యపు ఆస్తిగా పుట్టినది. ఈ సంగతి పాఠకులు జ్ఞాపకము పెట్టుకొనవలెనని మా కోరిక. తరువాతి కథకు అదియే కీలకము.

1883 ఫిబ్రవరి 8వ తేదీన సాలారుజంగు కలరా సోకి హఠాత్తుగా మరణించిరి. ఆరవ నిజాము మహబూబు అలీఖాను అప్పటికింకను మైనరు. లార్డు రిప్పను హైదరాబాదు వచ్చి ఆయనకు పాలనాధికారము లిచ్చినది 1884 ఫిబ్రవరిలో. ఈ రెండు ఫిబ్రవరుల నడుమ, ఇంటిపెద్ద లేని ఇంటిలో ఆస్తి వ్యవహారము తేలినట్లు, రైలు వ్యవహారము తేలినది. లండనులో ఒక కంపెనీని నిలుపుట, ఉన్న వాడి దారిని దానికి అప్పగించుట, తక్కిన దారిని వరంగల్లు, బెజవాడల వైపునకు, ఉత్తరమున చాందా వైపునకు దానిచేత వేయించుట, దాని పెట్టుబడికి నిజాము ఖజానానుండి వడ్డీ పూచీపడుట - ఇది పథకము. చాందా యనగా నేటి చంద్రపూరు. ఊరిలో దీనికి చాందా రైలు పథకమని పేరు పడినది.

అప్పుడు హైదరాబాదులో అంతకుముందెన్నడు నెరుగని పని యొకటి జరిగినది. చదువుకొన్న పౌరులు కొందరు సభలు జరిపి, ఒక సంఘముగా ఏర్పడి, ఈ బేరపు షరతులు ఏమిటో మాకు చెప్పవలెనని అడిగిరి. వారిలో ముఖ్యులు ఇద్దరు. ఒకరు అఘోరనాథ చట్టోపాధ్యాయులు. వంగదేశమున పుట్టి, ఎడింబరోలో రసాయనశాస్త్రము చదివి డాక్టరు పట్టము పొంది, హైదరాబాదులో కళాశాలను నెలకొల్పిన విద్వాంసుడు. ఆ కళాశాలయే తరువాత నిజాము కళాశాల యైనది. సరోజినీదేవి ఆయన కుమార్తెయే. ఆ యేడు ఆమెకు నాలుగేండ్లు. రెండవవారు ముల్లా అబ్దుల్ ఖయ్యూము. అరబ్బీ పారసీలలో పండితుడు, కొలువులో నున్న ఉద్యోగి. ఒకరు హిందువు, ఒకరు ముస్లిము. ఇద్దరును సర్కారు జీతము తినువారే. జీతమిచ్చు సర్కారునే లెక్క చెప్పుమని అడిగిరి.

వారు రైలు వద్దనలేదు. ఈ మాట నొక్కి చెప్పవలసి యున్నది, ఏలనన రైలును వ్యతిరేకించిన ఛాందసులని వారిని పొరబడుటకు వీలున్నది. ఎంత సొమ్ము, ఎంత వడ్డీ, ఎన్నేండ్లు, నష్టము వచ్చినచో భరించువారెవరు, ఈ షరతులు ప్రజలకు తెలియవలెను, చర్చ జరుగవలెను అన్నదే వారి వాదము. 1883 మే నెలలో అఘోరనాథులను ఉద్యోగమునుండి తొలగించి హైదరాబాదు రాజ్యమునుండి పంపివేసిరి. నాలుగేండ్ల సరోజినితోకూడ ఆ ఇంటివారికి ఆ వేసవి ఎట్లు గడచియుండునో ఊహించుకొనవచ్చును. హైదరాబాదు రాజ్యమున తొలి ప్రజాందోళన ఇదియేనని చరిత్రకారులు వ్రాయుచుందురు. స్వాతంత్ర్యమునకో, భాషకో, భూమికో గాక ఒక రైలు కంపెనీ షరతులకై ఆ తొలి గొంతు లేచుట మాకు ఎప్పుడును ఆశ్చర్యముగనే తోచును.

ఆ యేడు డిసెంబరులో ఒడంబడిక అయిపోయినది. నిజాము గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ లండనులో ఏర్పడి, 1885లో వాడి దారిని స్వాధీనము చేసికొన్నది. పేరులోనే గ్యారంటీ యున్నది. నూటికి ఐదు వంతున ఇరువది సంవత్సరములపాటు పెట్టుబడికి వడ్డీని నిజాము ప్రభుత్వము పూచీపడినది.

ఈ పూచీ పనిచేయు తీరును ఇంటి లెక్కలోనికి దించి చూతము. ఒక ఇంటి యజమాని తన సొమ్ముతో వీధిలో అంగడి కట్టినాడు. దానిని ఒక పరాయి షావుకారునకు అప్పగించి, నీవు దీనిని పెద్దది చేయుము, సరకు నింపుము, నీవు పెట్టిన ప్రతి నూరు రూపాయలకు ఏడాదికి ఐదు రూపాయలు నీకు ముట్టవలెను, అమ్మకములో రానిచో నేనిచ్చుకొందును అని పత్రము వ్రాసినాడు. ఆ షావుకారు అంగడి నడపును, సందేహము లేదు. కాని ఖర్చు తగ్గింపవలెనన్న పట్టుదల ఆయనకేల? కొనువానిని మంచిమాటతో పిలువవలసిన పని యేమి? ఎక్కువ పెట్టుబడి పెట్టినకొలది ఎక్కువ వడ్డీ గదా! వాటాదారులు పౌండ్లలో సొమ్ము పెట్టినవారు, పౌండ్లలోనే వడ్డీ పుచ్చుకొనువారు. తాండూరు స్టేషనులో టిక్కెట్టు కొనువాడు మాత్రము ఇచ్చునది రూపాయలు. 1870 ప్రాంతమున రూపాయికి దాదాపు రెండు షిల్లింగులు వచ్చుచుండగా, వెండి ధర పడిపోయి శతాబ్దపు చివరకు అది షిల్లింగు నాలుగు పెన్నీలకు దిగినది. లండనులో అదే పౌండు ఇచ్చుటకు హైదరాబాదులో ఎక్కువ రూపాయలు కూడబెట్టవలసి వచ్చినది. ఆ నష్టము కంపెనీది కాదు.

కంపెనీ పని చేయలేదని మేము అనుట లేదు. 1889 నాటికి దారి వరంగల్లు, డోర్నకల్లుల మీదుగా బెజవాడ చేరినది. డోర్నకల్లునుండి ఇల్లెందు బొగ్గుగనులకు శాఖ పడినది. సింగరేణి బొగ్గు కదలినది. 1899 నుండి 1901 వరకు గోదావరీ లోయవెంట మన్మాడు వరకు మీటరుగేజి దారి వేసిరి. తాండూరు నాపరాయి, కందులు బొంబాయి వైపునకు, హైదరాబాదు వైపునకు కదలుటకు వీలు కలిగినది. ఈ లాభములు మాయమాటలు కావు. అయితే బేరములు నడచిన తీరు మాత్రము అఘోరనాథుల అనుమానము వట్టిది కాదని చూపినది. రైలు బేరమున మధ్యవర్తియైన అబ్దుల్ హక్కు అను ఉన్నతోద్యోగి, గనుల కంపెనీ బేరములోను చేయిపెట్టెను. 1888లో ఆ గనుల వాటాల వ్యవహారము లండను పార్లమెంటు విచారణ సంఘమువరకు పోయినది. ఆయన ఉద్యోగము ఊడినది. అఘోరనాథులు అప్పటికి తిరిగి హైదరాబాదు వచ్చి యుండిరి.

ఇంతకును ఆనాడు పోటీ ఎవరితో? వాడివద్ద ఒక కంపెనీ దారి ముగిసి వేరొక కంపెనీ దారి మొదలగును. బెజవాడ యొద్దను అంతే. పొలిమేరలు పంచుకొన్న జమీందారులవలె ఒకరి సీమలో ఒకరు కాలు పెట్టకుండిరి. తాండూరువానికి ఆ బండి ఎక్కుట, లేదా ఎడ్లబండి కట్టుట తప్ప మూడవ దారి లేదు. ప్రైవేటు యాజమాన్యమున్నచో పోటీ దానంతటదే వచ్చునని నమ్మువారు నేటికిని కలరు. ఈ నలుబదియైదేండ్ల చరిత్ర వారు చదువదగినది.

ఇరువదవ శతాబ్దము వచ్చుసరికి గాలి తిరిగినది. ఇటలీ 1905లో తన రైళ్ళను జాతీయము చేసినది. ఫ్రాన్సు 1938లో, కంపెనీల పుట్టినిల్లయిన బ్రిటను 1948లో ఆ పని చేసినవి. మన దేశమున 1925లో పెనిన్సులా రైల్వే నిర్వహణము కంపెనీ చేతినుండి ప్రభుత్వము చేతికి వచ్చినది. హైదరాబాదున సర్ అక్బరు హైదరీ ఆర్థిక వ్యవహారములు చూచుచున్న కాలమున, 1930 ఏప్రిలు 1వ తేదీన నిజాము ప్రభుత్వము రైల్వేను కంపెనీ యొద్దనుండి కొనివేసినది. పేరులోనుండి గ్యారంటీ యన్న మాట పోయినది. నిజాము స్టేట్ రైల్వే అని మిగిలినది. తన సొమ్ముతో కట్టిన తాండూరు దారిని రాజ్యము అర్ధశతాబ్దము తరువాత మరల తన సొమ్ముతో తెచ్చుకొన్నదన్నమాట.

కొన్నంతనే సుఖము లేదు. సరిగా ఆ కాలముననే మోటారు బస్సు వచ్చిపడినది. చిన్న పెట్టుబడితో ఒకటి రెండు బస్సులు కొనినవారు దేశమంతట రైలుదారి ప్రక్క రోడ్లమీద తిరుగనారంభించిరి. వారికి పట్టాల ఖర్చు లేదు, స్టేషను ఖర్చు లేదు. చేయి చాచినచోట బస్సు ఆగును. రైళ్ళ రాబడి జారుచున్నదని బ్రిటిషు ఇండియాలో మిచెల్, కర్క్‌నెస్ అను ఇద్దరు అధికారులచేత విచారణ జరిపించిరి. వారి నివేదిక 1933లో వచ్చినది. సర్కారు రైలుకు నిజమైన ప్రైవేటు పోటీ ఏదియని అడిగినచో, ఈ బస్సులే మొదటిదని మా అభిప్రాయము.

హైదరాబాదువారు నివేదికకొఱకు వేచియుండలేదు. రైల్వేయే బస్సులవైపు చేయి చాచినది. 1932 జూను 15వ తేదీన నిజాము స్టేట్ రైల్వేలో రోడ్డు రవాణా శాఖ పుట్టినది. బస్సులు 27, సిబ్బంది 166 మంది. మన దేశమున రోడ్డు ప్రయాణమును సర్కారు తన చేతిలోనికి తీసికొన్న తొలి ఉదాహరణములలో ఇది యొకటి. స్కాట్లండులో తయారైన ఆల్బియను బస్సు ఒకటి ఆనాటిది హైదరాబాదు ఆర్టీసీ వారియొద్ద భద్రముగా నున్నది. చూడదలచిన పిల్లలకు పెద్దలు చూపవచ్చును. ఆర్టీసీ బస్సుల నంబరులలో కనిపించు జడ్ అక్షరము ఏడవ నిజాము తల్లి జహ్రా బేగము పేరిట వచ్చినదని పాతబస్తీలో చెప్పుకొందురు. రైలు, బస్సు రెండును ఒక్క సర్కారు శాఖ క్రింద నడచినవి. ప్రయాణికునకు రైలు దిగిన చోట బస్సు దొరకుట సులువైనది. బస్సు యజమానులకు మాత్రము క్రమముగా దారులు మూసికొనిపోయినవి. పోటీని గెలుచుటకు రెండు మార్గములు కలవు: పోటీదారునికంటె బాగుగా నడపుట ఒకటి, పోటీదారునే లేకుండ చేయుట రెండవది. హైదరాబాదు రెండును కొంత కొంత చేసినది.

ఆ పిమ్మటి మార్పులు త్వరత్వరగా జరిగినవి. 1950 ఏప్రిలు 1న నిజాము రైల్వే భారత రైల్వేలలో కలిసినది. 1951 నవంబరులో సెంట్రలు రైల్వేలో భాగమైనది. ఆ నెలలోనే బస్సులు రైల్వేనుండి విడిపోయి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వ శాఖ యైనవి. 1958 జనవరిలో అవి ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ క్రిందికి వచ్చినవి. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు ముఖ్యస్థానముగా దక్షిణమధ్య రైల్వే ఏర్పడినది.

ఇక ఆ పెద్దమనిషి మనుమడు చెప్పిన ఐరోపా సంగతి. 1991లో అక్కడి ఉమ్మడి సమాజము ఒక ఆదేశము వెలువరించినది. పట్టాల లెక్క వేరు, బండ్ల లెక్క వేరుగా వ్రాయవలెనని దాని ప్రధాన సూత్రము. పట్టాలు రహదారివంటివి. సుంకము కట్టినవాడు ఎవడైనను తన బండిని దానిమీద నడుపవచ్చునన్న భావము అందులోనుండి మెల్లగా పెరిగినది. విక్టోరియా కాలపు ఇంగ్లండులో పోటీకి రెండు దారులు కావలసి యుండెను. ఇప్పుడు ఒకే దారి చాలునన్నారు. భావము పుట్టి ఇరువదేండ్లయిన పిమ్మట గాని దూరప్రయాణములలో దాని ఫలము పెద్దగా కనిపించలేదు.

2011లో చెక్ దేశమున రెజియోజెట్ అను కంపెనీ ప్రాగ్ నగరమునుండి ఒస్ట్రావాకు బండ్లు వేసినది. దాని పుట్టుక విన్నచో మన 1932 జ్ఞాపకము వచ్చును. అది బస్సులు నడపి పైకి వచ్చిన యజమానిది. హైదరాబాదులో రైలు బస్సును మ్రింగినది, అక్కడ బస్సు రైలెక్కినది! మరుసటి యేడు లియో ఎక్స్‌ప్రెస్ అను మూడవ కంపెనీ అదే దారిలో దిగినది. జాతీయ రైల్వే టిక్కెట్టు ధరలు కోసివేసినది. ఖర్చుకంటె తక్కువకు అమ్మి మమ్ము చంపజూచుచున్నదని క్రొత్తవారు ఫిర్యాదులు చేసిరి. ఆ తగవు ఐరోపా కమిషను విచారణవరకు పోయినది. జర్మనీలో 2018నుండి నడచుచున్న ఫ్లిక్స్‌ట్రైన్ కూడ బస్సు కంపెనీవారిదే. దానికి ముందు లోకోమోర్ అను చిన్న కంపెనీ ప్రజలయొద్ద కొంత చందా పోగుచేసి స్టుట్‌గార్టు, బెర్లినుల నడుమ 2016 డిసెంబరులో బండి వేసినది. ఐదు నెలలు తిరుగకముందే దివాలా తీసినది. పూచీ లేని వ్యాపారము అట్లుండును.

అన్నిటికంటె రసవత్తరమైనది ఇటలీ కథ. 2012 ఏప్రిలు 28న ఇటాలో అను ముదురెరుపు బండ్లు అతివేగపు దారిమీద పరుగిడినవి. ఫెరారీ కార్ల కంపెనీ అధ్యక్షుడు మోంటెజెమోలో దాని స్థాపకులలో ఒకరు. బండ్లు క్రొత్తవి, మర్యాద క్రొత్తది. కాని పట్టాల యాజమాన్యము సర్కారు రైల్వే కుటుంబములోని అక్కసంస్థది. రోములోని ఓస్తియెన్సే స్టేషనులో క్రొత్త కంపెనీ ప్రయాణికుల మందిరమునకును ప్లాట్‌ఫారమునకును నడుమ ఒక ఇనుపకంచె లేచినది. నాలుగడుగుల దూరములోని బండిని చేరుటకు ప్రయాణికులు చుట్టు తిరిగి పోవలసి వచ్చెను. కంచె భద్రతకని ఒకరు, పోటీని అడ్డుటకని మరొకరు. పత్రికలకు కొన్ని నెలలపాటు మేత దొరికినది. కొన్నేండ్లకు అప్పులభారముతో కంపెనీ క్రుంగినది. 2015లో అప్పులు సరిచేసికొని నిలద్రొక్కుకొన్నది. 2018లో ఒక అమెరికను పెట్టుబడి సంస్థ దానిని దాదాపు 200 కోట్ల యూరోలకు కొన్నది. ఈ నడుమ సర్కారు రైల్వేయు ఊరకుండలేదు. క్రొత్త బండ్లు తెచ్చినది, ధరలు దించినది. లాభపడినది ప్రయాణికుడు.

స్పెయిను సంగతి యింకను విచిత్రము. అక్కడ 2021లో మాడ్రిడ్, బార్సిలోనాల నడుమ పోటీకి దిగిన ఉయిగో, ఫ్రాన్సు జాతీయ రైల్వే బిడ్డయే. 2022లో వచ్చిన ఇర్యోలో ఇటలీ జాతీయ రైల్వేకు వాటా కలదు. ఒక దేశపు సర్కారు రైలు పొరుగుదేశమున ప్రైవేటు కంపెనీ వేషము కట్టినదన్నమాట.

ఈ కథలను తాండూరు కథప్రక్క నుంచి చూచినప్పుడు, సర్కారా ప్రైవేటా యన్న వాదము కంటె నష్టమెవరిదన్న ప్రశ్నయే మాకు పెద్దదిగా తోచుచున్నది. లోకోమోర్ మునిగినప్పుడు మునిగినది పెట్టినవారి సొమ్ము. నిజాము గ్యారంటీడ్ కంపెనీ మునుగుటకు వీలే లేకుండెను. దాని నష్టమును భరించుటకు కందులు పండించిన రైతు శిస్తు సిద్ధముగా నుండెను. అఘోరనాథులు 1883లో అడిగినది ఆ ప్రశ్ననే. అయితే ఐరోపా పద్ధతికిని ఒక హద్దు కలదు. ఈ క్రొత్త కంపెనీలు ప్రాగ్, రోము, మాడ్రిడ్ వంటి మహానగరముల నడుమ, జనము క్రిక్కిరిసిన దారులనే ఏరుకొన్నవి. ధారూరువంటి చిన్న స్టేషనులో ఆగు బండిని మాకిండని ఏ పోటీదారుడును అడుగడు. అది ఎప్పుడును జాతీయ రైల్వే మెడకే.

మన దేశమునను ఈ గాలి కొంత వీచినది. 2019 అక్టోబరులో ఢిల్లీ, లక్నోల నడుమ తేజస్ ఎక్స్‌ప్రెస్‌ను రైల్వేవారి సొంత అనుబంధ సంస్థయైన ఐఆర్‌సీటీసీకి అప్పగించిరి. బండి గంటకు మించి ఆలస్యమైనచో నూరు రూపాయలు, రెండు గంటలు మించినచో రెండువందల ఏబది పరిహారమని ప్రకటించిరి. 2020 జూలైలో రైల్వే మంత్రిత్వశాఖ 109 జతల మార్గములలో 151 ప్రైవేటు బండ్లకు దరఖాస్తులు పిలిచినది. పట్టాలు, సిగ్నళ్ళు, డ్రైవరు, గార్డు రైల్వేవారివి. బండి, దాని పెట్టుబడి, ఛార్జీ నిర్ణయము కంపెనీవి. కంపెనీకి వడ్డీ పూచీ లేదు సరికదా, దారి సుంకముతోపాటు రాబడిలో వాటాయు ఇచ్చుకొనవలెను. షరతుల పత్రము ఎవరైనను చదువుకొనునట్లు ముందే ప్రకటించిరి. మార్గములను పండ్రెండు సమూహములుగా విభజించిరి. అందులో సికింద్రాబాదు ఒకటి.

2021 జూలైలో బిడ్లు తెరచిరి. వచ్చినవారు ఇద్దరే: ఒకరు ఐఆర్‌సీటీసీ, రెండవవారు హైదరాబాదులోని మేఘా ఇంజనీరింగు కంపెనీ. అవియు ఢిల్లీ, ముంబయిలకు చెందిన మూడు సమూహములకు మాత్రమే. సికింద్రాబాదు సమూహమునకు ఎవరును రాలేదు. తరువాత ఆ ప్రయత్నమునే విరమించుకొనిరి.

చాందా దారి మాట చెప్పుట మరచితిమి. 1883లో గోల లేపిన ఆ దారి, కాజీపేటనుండి బల్లార్షావరకు, 1929లో గాని పూర్తికాలేదు. కంపెనీ చేతిలో అది నడచినది ఒక్క యేడు. అఘోరనాథులు 1915లోనే కలకత్తాలో కాలము చేసి యుండిరి. మద్రాసునుండి ఢిల్లీకి పోవు గ్రాండ్‌ట్రంక్ ఎక్స్‌ప్రెస్ నేడు ఆ దారినే పోవుచున్నది. తాండూరు స్టేషనులో ఆగు బండ్లన్నియు భారత రైల్వేవే. మరల అటు వెళ్ళినప్పుడు ఆ నాపరాతి వ్యాపారిగారు కనిపించినచో, ఈసారి బండి వచ్చులోపల సంగతి అంతయు చెప్పవలెనని అనుకొనుచున్నాము.